‘కాళ్ళ కింద నేల జారిపోయింది’: నుడికారమా, ఉన్నమాటా?

ప్రశ్న

సైన్స్ ఫిక్షన్ కవిత రాయాలని ప్రయత్నిస్తున్నాను. మొదలు ఇలా వచ్చింది:

కాళ్ళ కింద నేల జారిపోయింది,
వెళ్ళి కిటికీలో నిలబడింది.
ఆకర్షణ లేని చోట
తేలుతున్నానమ్మా.

చదివిన స్నేహితులొకరు “మొదటి పాదం అరిగిపోయిన నుడికారం, తీసెయ్యి” అన్నారు. నాకు మాత్రం కవిత అంతా ఆ పాదం మీదే నిలిచినట్టు ఉంది. ఎందుకో చెప్పలేకపోతున్నాను. తీసెయ్యాలంటారా?

జవాబు

దయచేసి తీసెయ్యకండి. మీ కవితలో అసలు పని జరిగేది అక్కడే.

మన అలంకారశాస్త్రంలో లక్షణకు, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం వదిలి మరో అర్థం తీసుకోవడానికి, మొదటి షరతు ముఖ్యార్థబాధ, అంటే ఆ నేరు అర్థం పొసగకపోవడం. ‘గంగలో పల్లె’ అంటే నీళ్ళలో పల్లె ఉండదు కనుక ‘గంగ ఒడ్డున’ అని అర్థం చేసుకుంటాం. నేల జారిపోవడమూ అంతే. నేల ఎక్కడికీ పోదని తెలుసు కనుక దిక్కుతోచని స్థితి అని తీసుకుంటాం. ఎన్నిసార్లు విన్నామంటే, ఇప్పుడు ఆ మాటలో నేల కనబడటమే మానేసింది.

మీ రెండో పాదం ఆ ముఖ్యార్థబాధను తొలగించింది. కిటికీ అనగానే పాఠకుడు అంతరిక్ష నౌకలో ఉన్నాడు, అక్కడ నేల నిజంగానే జారిపోయింది. అరిగిపోయిన మాటకు వాచ్యార్థం, అంటే ఆ నేరు అర్థం, తిరిగి వచ్చింది. అలాగని దిగులు పోలేదు, మాటతో పాటే వచ్చింది. శామ్యూల్ డిలేనీ అనే అమెరికన్ రచయిత ‘ఆమె లోకం పేలిపోయింది’ అనే వాక్యంతో ఇదే చూపించాడు. మామూలు కథలో అది గుండెకోత. సైన్స్ ఫిక్షన్‌లో ఒక గ్రహమే పేలిపోయి ఉండవచ్చు. ఈ రకం కవిత్వాన్ని మెచ్చుకోవడానికి నేను మొదట వెతికేది దీన్నే. రెండు అర్థాలూ ఒకదాన్నొకటి మింగకుండా నిలబడ్డాయా? నక్షత్రాలు, రోబోలు ఎన్ని పేర్చినా ఇది లేకపోతే నాకు మనసు పట్టదు.

మూడో పాదం దగ్గర మాత్రం ఆగిపోయాను. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. లోపలివాళ్ళు తేలుతున్నట్టు కనబడటానికి కారణం, కేంద్రంతో పాటు వాళ్ళూ ఎప్పుడూ భూమివైపు పడుతూనే ఉండటం. పక్కకు పోయే వేగం గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు కనుక ఎంత పడినా నేల తగలదు. తప్పు పట్టాలని చెప్పడం లేదు. అమ్మవైపు పడుతూనే ఉండి, ఎప్పటికీ చేరని బిడ్డ! ఇంతకన్నా మంచి పాదం మీకు భౌతికశాస్త్రమే ఇస్తుంటే ‘ఆకర్షణ లేని చోట’ అని ఎందుకు వదులుకోవాలి?

మరొకరు

ఇది మనకు తెలిసిన శ్లేషే కదండీ. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథా చెబుతుంది, భారతకథా చెబుతుంది. ఇంకో సందేహం. మనుషులు కక్ష్యలో ఉండటం ఇప్పుడు రోజూ జరిగేదే. ఇందులో ఫిక్షన్ ఏది?

జవాబు

సూరన పేరు వినడం సంతోషంగా ఉంది. కానీ చిన్న తేడా ఉందండీ. ద్వ్యర్థి కావ్యంలో రెండు కథలకూ సమాన హోదా, రెండూ వాచ్యార్థాలే. ఇక్కడ ఒకటి కళ్ళ ముందు జరుగుతున్నది, రెండోది మనం పుట్టినప్పటి నుంచి వాడిన మాటలో పేరుకున్న దిగులు. అందుకే ఇది నుడికారం ఉన్న ప్రతి భాషలోనూ విడిగా పుట్టాలి, అనువాదంలో సగం పోతుంది.

మీ సందేహం న్యాయమైనది. స్వీడిష్ కవి హారీ మార్టిన్‌సన్ 1956లో ‘అనియారా’ అనే 103 ఖండాల దీర్ఘకావ్యం రాశాడు. అప్పటికి తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ కూడా ఎగరలేదు. భూమిని విడిచి వెళ్తున్న 8,000 మంది ఉన్న నౌక దారి తప్పుతుంది, ఇక వెనక్కి రాలేదు. ఆ ఒక్క ‘తప్పితే’ నుంచే కావ్యమంతా వచ్చింది. ఈ కవితకూ అలాంటి ఒక ‘అయితే’ కావాలి.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రాత్రంతా దీంతోనే ఉన్నాను. భూమి నుంచి కబుర్లు ఆగిపోతే అనుకున్నాను. గంటన్నరకోసారి భూమిని చుట్టేవాళ్ళకు రోజుకు దాదాపు 16 సూర్యోదయాలని చదివాక ఇలా మారింది:

కాళ్ళ కింద నేల జారిపోయింది,
వెళ్ళి కిటికీలో నిలబడింది.
అమ్మా, నీవైపే పడుతున్నాను.
ఇవాళ పదహారుసార్లు తెల్లవారింది,
ఒక్కసారీ నువ్వు లేపలేదు.