టీమ్‌లో పుట్టే కొత్త ఐడియాలను ఎక్కడ రాసి పెట్టుకోవాలి? పనులను టికెట్లుగా రాసుకునే జిరా చాలా, వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

సెల్‌బ్యాలెన్స్ (ప్రశ్న):

నమస్తే అండీ. మాది బ్యాటరీ ప్యాక్‌లు డిజైన్ చేసే టీమ్. సర్క్యూట్ వాళ్లు, ఫర్మ్‌వేర్ వాళ్లు, మెకానికల్ వాళ్లు, టెస్టింగ్ వాళ్లు కలిసి పనిచేస్తాం. ఒకే మనిషి రెండు మూడు ప్రాజెక్టుల్లో ఉండటం మామూలే. కొత్త ఐడియాలు బాగానే పుడుతున్నాయి కానీ ఏదీ ఒకచోట ఉండదు. కొన్ని చాట్‌లో, కొన్ని మెయిళ్లలో, కొన్ని వైట్‌బోర్డు ఫొటోల్లో, కొన్ని మనుషుల తలల్లోనే ఉండిపోతున్నాయి.

ఈమధ్య మా ఫర్మ్‌వేర్ వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి సెల్‌కూ ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టకుండా, సెల్‌ల ఛార్జ్‌ను సమం చేసే బ్యాలెన్సింగ్ కరెంటు వెళ్లేటప్పుడు ఆ సెల్ ఇంపెడెన్స్ (కరెంటుకు సెల్ చూపే అడ్డు) ఎలా మారుతోందో చూసి లోపలి ఉష్ణోగ్రతను అంచనా వేయడం. పేటెంట్ అటార్నీ గారికి చెబితే ఆయన వెంటనే అడిగినవి ఇవి: ఇది మొదట ఎవరికి తట్టింది, ఎప్పుడు తట్టింది, బయటివాళ్లెవరికైనా చూపించారా? జవాబు చెప్పడానికి పాత చాట్‌లన్నీ తవ్వాల్సి వచ్చింది. త్వరలో కస్టమర్‌కు డెమో ఉంది. ఆ స్లైడ్లలో ఇలాంటివి ఇంకేమేం ఉన్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. నా టెన్షన్ అదే.

జిరా ఎలాగూ వాడుతున్నాం కాబట్టి అందులోనే 'ఐడియా' అని ఒక టికెట్ రకం పెడదామని కొందరు అంటున్నారు. పేటెంట్ల కోసమే తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కొందామని ఇంకొందరు. అందరూ ఐడియాలు పెట్టి ఓట్లు వేసుకునే బోర్డు కావాలని మా మేనేజర్ గారు. ఇలాంటిది నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఏది పెట్టుకోవాలి? అందులో ఏమేం ఉండాలి?

నోట్‌బుక్‌మనిషి:

నా ఉద్యోగమే ఇదండీ. రకరకాల ప్రాజెక్ట్ టీమ్‌ల దగ్గర పుట్టే ఆవిష్కరణలను రాయించడం, ఒక్కొక్కటీ ఏమవ్వాలో తేలేదాకా దాని వెంటపడటం. కాస్త పొడుగ్గా చెబుతాను, ఏమనుకోకండి.

సాఫ్ట్‌వేర్ పేరు దగ్గర మొదలుపెట్టకండి. మీ అటార్నీ గారు అడిగిన మూడు ప్రశ్నలు ఉన్నాయి చూశారా, మీకు కావలసిన సాఫ్ట్‌వేర్ వర్ణన మొత్తం అందులోనే ఉంది. ఎవరు, ఎప్పుడు, బయటికి ఎప్పుడు. ఈ మూడింటికీ ఏ రోజు అడిగినా తడుముకోకుండా జవాబు ఇచ్చేది ఏదైనా పనికొస్తుంది. ఇవ్వలేనిది ఎంత ఖరీదైనదైనా పనికిరాదు.

జిరాతో మొదలుపెట్టవచ్చు. కానీ ఐడియాను టికెట్‌లా చూడొద్దు. టికెట్ అంటే ఒక పని, పూర్తయితే మూసేస్తాం. ఐడియా అలా మూసుకుపోదు. మీ ఇంపెడెన్స్ ఆలోచననే తీసుకోండి. రేపు అది రెండుగా చీలవచ్చు: ఉష్ణోగ్రత అంచనా వేయడం ఒకటి, అదే కొలతతో పాడవుతున్న సెల్‌ను ముందే పట్టుకోవడం ఇంకొకటి. లేదా వేరే ప్రాజెక్టులో ఎవరికో వచ్చిన ఆలోచనతో కలిసిపోవచ్చు. అది పుట్టిన ప్రాజెక్టు ఆగిపోయినా ఐడియా బతికే ఉంటుంది. అందుకే ఐడియా ఏ ఒక్క ప్రాజెక్టు కిందా పిల్లలా ఉండకూడదు. దానికి సొంత చోటు ఉండాలి, అక్కడి నుంచి ఎన్ని ప్రాజెక్టులకైనా లింకు ఉండాలి. ఇంకొక మాట. మీ జిరాలో కాంట్రాక్టర్లు, సప్లయర్లు, కస్టమర్ తరఫు వాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. టికెట్ స్థాయిలో ఎవరు చూడొచ్చో కట్టడి చేసే సెట్టింగ్ అందులో ఉంది. అది పెట్టకుండా మొదటి ఐడియా కూడా ఎక్కించకండి.

ఇక ఫారం. నలభై గడుల ఫారం పెడితే ఎవరూ నింపరు. నేను అడిగేవి కొన్నే: ఏ ఇబ్బంది తీరుతుంది? ఈ రోజు దాన్ని లోకం ఎలా తీరుస్తోంది? మనం వేరుగా చేసేది కచ్చితంగా ఏమిటి? ఎవరు ఏ భాగం ఆలోచించారు? పరీక్షించి చూశారా? బయటివాళ్లు దీన్ని ఏ తేదీన చూడబోతున్నారు?

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఇంపెడెన్స్‌ను బట్టి సెల్ ఉష్ణోగ్రత అంచనా వేయవచ్చన్నది కొత్త సంగతి కాదు, దాని మీద పరిశోధన పత్రాలు ఎప్పుడో వచ్చాయి. మీవాళ్లు 'సెన్సర్ లేకుండా ఉష్ణోగ్రత అంచనా' అని ఒక్క ముక్క రాసి పెడితే, వెతికినవాళ్లకు మొదటి పేజీలోనే పాత పత్రం కనబడుతుంది, ఐడియాను పక్కన పడేస్తారు. కానీ మీరు చెప్పినదాంట్లో కొత్తదనం, నాకు అర్థమైనంత వరకు, వేరే చోట ఉండవచ్చు. కొలవడానికి విడిగా సిగ్నల్ పంపకుండా, ఎలాగూ వెళ్లే బ్యాలెన్సింగ్ కరెంటునే ఆ పనికి వాడుకోవడం. దాన్ని వాక్యంగా రాయించాలి. మంచి ఐడియాలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే, సరిగా రాయకపోవడం వల్ల.

చివరి ప్రశ్నకు 'త్వరలో' అన్న జవాబు ఒప్పుకోకండి. తేదీ ఉండాలి. యూరోపియన్ పేటెంట్ విషయంలో, దరఖాస్తు వేయకముందే విషయం బహిరంగమైతే కొత్తదనం పోయినట్టే, మినహాయింపులు చాలా తక్కువ. అమెరికాలో ఆవిష్కర్త తనే బయటపెట్టినదానికి ఏడాది గడువు ఉంటుంది. ఎక్కడ దరఖాస్తు వేస్తారో ముందే తెలియదు కాబట్టి కఠినమైన నియమాన్నే పాటించాలి. బహిరంగం అంటే పత్రికలో రావడం మాత్రమే కాదు. అందరికీ తెరిచి ఉన్న గిట్ రిపోజిటరీలో (కోడ్ భద్రపరిచే చోటులో) కోడ్ పెట్టడం, సదస్సుకు పంపిన సారాంశం సదస్సు కంటే ముందే వెబ్‌లో కనబడటం, రహస్య ఒప్పందం లేకుండా ఇచ్చే డెమో, అన్నీ అందులోకే వస్తాయి. అందుకే ఈ తేదీని మీ రిలీజ్ క్యాలెండర్‌కు కలపండి. ఆ రోజుకు చాలా ముందే సాఫ్ట్‌వేర్ సంబంధం ఉన్నవాళ్లకు మెయిల్ పంపాలి. నన్ను అడిగితే మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే విలువైన పని అదొక్కటే.

నిర్ణయాలు నాలుగు రకాలు పెట్టుకోండి. పేటెంట్‌కు వెళ్లడం, రహస్యంగా ఉంచుకోవడం, మనమే ప్రచురించేయడం, ప్రస్తుతానికి ఆపి ఉంచడం. మూడోది వింతగా అనిపిస్తుంది కానీ పాత పద్ధతే. ఐబీఎం 1958 నుంచి దశాబ్దాల పాటు టెక్నికల్ డిస్‌క్లోజర్ బులెటిన్ అని నడిపింది. తాము పేటెంట్ తీసుకోదలచుకోని ఆలోచనలను అందులో అచ్చు వేస్తే, వేరేవాళ్లు వాటి మీద పేటెంట్ పొందడం కష్టమవుతుంది. ఏ నిర్ణయమైనా ఎందుకు తీసుకున్నారో రెండు వాక్యాలు ఉండాలి. ఆపి ఉంచినదానికి మళ్లీ చూడాల్సిన తేదీ ఉండాలి, లేకపోతే ఆపడమంటే పారేయడమే.

ఓటింగ్ బోర్డు మాత్రం వద్దని మీ మేనేజర్ గారికి నచ్చజెప్పండి. ఫలహారం ఏం తెప్పించాలో ఓటుతో తేల్చవచ్చు. సెల్ ఇంపెడెన్స్ గురించి తెలిసినవాళ్లు టీమ్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, మిగతావాళ్ల ఓటుకు అర్థం లేదు. నలుగురిలో మాట్లాడటానికి వెనకాడే మనిషి ఐడియా ఎప్పుడూ అడుగునే ఉంటుంది. పైగా తేలని ఐడియాను అవసరం లేనంత మందికి చూపిస్తున్నారు.

క్లెయిమ్‌ఒకటి:

నేను పేటెంట్ దరఖాస్తులు రాసే వైపు ఉంటాను. నోట్‌బుక్‌మనిషి గారు చెప్పినదానికి కొన్ని కలుపుతాను.

'ఎవరు ఏ భాగం ఆలోచించారు' అన్న గడి చాలా జాగ్రత్తగా నింపించండి. ఆవిష్కర్త అంటే ఆ ఆలోచన రూపుకట్టడంలో పాలుపంచుకున్నవాళ్లు. టీమ్ లీడ్ అయినందుకో, చెప్పినట్టు బోర్డు సోల్డర్ చేసి ఇచ్చినందుకో పేరు చేర్చకూడదు. నిజంగా ఆలోచించినవాళ్ల పేరు వదిలేయకూడదు. పేర్లు తప్పుగా ఉండి సరిదిద్దకపోతే ఆ తర్వాత పేటెంటే నిలబడకపోవచ్చు. గడిలో పేర్ల పక్కన తలా ఒక వాక్యం ఉంటే మాకు సగం పని తీరుతుంది.

అమెరికాలో 2013 మార్చి 16 నుంచి ముందు దరఖాస్తు వేసినవారికే ప్రాధాన్యం కదా, తేదీల రికార్డు ఇంకెందుకని అడుగుతుంటారు. కావాలండీ. మన ఆలోచనను వేరొకరు తీసుకుని దరఖాస్తు వేశారన్న వివాదం వస్తే, భాగస్వామి కంపెనీతో ఏది ఎవరిదన్న పేచీ వస్తే, చూపించడానికి ఆ రికార్డే ఉంటుంది. అందుకే పాత రాతను చెరిపేసి కొత్తది రాసే పద్ధతి వద్దు. ప్రతి మార్పూ తేదీతో, పేరుతో మిగలాలి.

డెమో గురించి: రహస్య ఒప్పందం ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. రహస్యంగా జరిగిన అమ్మకం కూడా పేటెంట్‌కు అడ్డం కావచ్చని 2019లో హెల్సిన్, టెవా అనే మందుల కంపెనీల కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. డెమోలో ధరతో సహా అమ్మకం ప్రతిపాదన ఉంటే, ఆ తేదీ కూడా రికార్డులో ఉండాలి.

కామెంట్ల పెట్టె ఉంటే ఇంజనీర్లకు ఒక మాట చెప్పండి. 'ఇది ఫలానా వాళ్ల పేటెంట్‌ను ఉల్లంఘిస్తుంది' లాంటి తీర్పులు అందులో రాయొద్దు. వ్యాజ్యం వస్తే ఆ రాతలు ఎదుటివాళ్ల చేతికి వెళ్లవచ్చు. అమెరికాలో తెలిసీ ఉల్లంఘించారని తేలితే పరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచే అధికారం కోర్టుకు ఉంది. సందేహం ఉంటే అటార్నీకి ఫోన్ చేయమనండి.

ఇంకోటి, దరఖాస్తు వేశాక వచ్చే గడువుల కోసం ఐడియా సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవద్దు. మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లో ఇతర దేశాల్లో వేయాలి. పీసీటీ (ఒక్క దరఖాస్తుతో చాలా దేశాలకు దారి ఇచ్చే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళితే చాలా దేశాల్లో ప్రవేశానికి 30 నెలలు. వీటిని చూడటానికి అటార్నీ ఆఫీసుల్లో వేరే డాకెట్ వ్యవస్థ ఉంటుంది. మీ వైపు దరఖాస్తు నంబరు ఒక్కటి రాసుకుంటే చాలు.

చిన్నటీమ్:

మేం కొద్దిమందిమే. పరిమితంగా షేర్ చేసిన ఒక స్ప్రెడ్‌షీట్, ఐడియాకు ఒక ఫోల్డర్, వెర్షన్ హిస్టరీ ఆన్‌లో. ఇంతే. బాగానే నడుస్తోంది, కారణం ఏమిటంటే దాన్ని చూసే మనిషి ఒకరు ఉన్నారు. ప్రతి వారం కూర్చుని ఏది ఎక్కడ ఆగిందో చూస్తారు, రాసినవాళ్లకు కబురు చెబుతారు. ఆ మనిషి లేకుండా కొన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా కొన్నాళ్లకు ఖాళీగా పడి ఉంటుంది. ముందు మనిషిని పెట్టుకోండి. స్ప్రెడ్‌షీట్ ఇరుకైనప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించవచ్చు.

సెల్‌బ్యాలెన్స్:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు మిగిలాయి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఏఐ ఉంటుంది, ఐడియాను అదే చక్కగా రాసి, పాత పేటెంట్లు వెతికి పెడుతుందంటున్నారు. దాన్ని నమ్మవచ్చా? రెండోది, మా వాళ్లు నోటితో గంటసేపు చెబుతారు కానీ నాలుగు లైన్లు రాయమంటే మాయమైపోతారు. ఏం చేయాలి?

నోట్‌బుక్‌మనిషి:

ఏఐతో రాయించుకోవచ్చు. అయితే మీరిచ్చిన సమాచారం ఎక్కడ నిల్వ ఉంటుంది, దాంతో వాళ్ల మోడల్‌కు శిక్షణ ఇస్తారా, ఈ రెండూ ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. అందరూ వాడే ఉచిత చాట్‌బాట్‌లో దరఖాస్తు వేయని ఐడియాను పేస్ట్ చేయొద్దని టీమ్‌కు గట్టిగా చెప్పండి. ఆవిష్కర్త గడిలో ఏఐ పేరు కుదరదు. మనిషే ఆవిష్కర్త కావాలని అమెరికా అప్పీలు కోర్టు 2022లో, బ్రిటన్ సుప్రీంకోర్టు 2023లో, డాబస్ అనే ఏఐని ఆవిష్కర్తగా చూపిన కేసుల్లో చెప్పాయి. కాబట్టి మీవాళ్లు ఆలోచించిందేదో, యంత్రం ఇచ్చిన సలహా ఏదో విడివిడిగా రాసి ఉంచుకోండి.

వెతకడం మాత్రం ఇంజనీర్లు కూడా నేర్చుకోవాలని నా పట్టుదల. పేటెంట్లు వెతికే సైట్లు ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, పేటెంట్‌స్కోప్ మూడూ ఉచితమే. మాటలతో కాకుండా, సాంకేతిక అంశాన్ని బట్టి పేటెంట్లకు ఇచ్చే వర్గీకరణ కోడ్‌తో వెతకండి. బ్యాటరీ పరిస్థితి కొలవడానికి జీ01ఆర్ 31/36, ఛార్జింగ్ సర్క్యూట్లకు హెచ్02జే 7/00, సెల్‌తో పాటే కొలత ఏర్పాట్లు ఉండేవాటికి హెచ్01ఎం 10/48 దగ్గర మొదలుపెడితే మీ పొరుగువాళ్లందరూ కనబడతారు. అయితే దరఖాస్తులు మామూలుగా 18 నెలల తర్వాతే ప్రచురణ అవుతాయి. ఈమధ్య వేసినవి ఏ సాఫ్ట్‌వేర్‌కూ కనబడవు. 'వెతికాం, ఏమీ లేదు' అని రాసేటప్పుడు ఏ రోజు, ఏ కోడ్‌లో వెతికారో కూడా రాయించండి.

రాయని మనుషుల చేత రాయించాలని చూడకండి. చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. డిజైన్ రివ్యూ అయిపోగానే పది నిమిషాలు పట్టుకుని 'ఇందులో మామూలుగా చేసేదానికి భిన్నంగా ఏం చేశారు?' అని అడగండి. 'కొత్తగా ఏం కనిపెట్టారు?' అంటే ఏమీ లేదంటారు, అంత పెద్ద మాట తమకు వర్తిస్తుందని అనుకోరు. 'ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు?' అంటే కథంతా చెబుతారు. మీరు రాసినదాన్ని వాళ్లు చదివి సరేనంటే చాలు.

తిరస్కరించినా త్వరగా, కారణంతో చెప్పండి. ఇచ్చిన ఐడియా మీద నెలల తరబడి ఒక్క మాట రాకపోతే ఆ మనిషి రెండోది ఇవ్వరు, పక్కవాళ్లకూ వద్దని చెబుతారు. అందుకే డ్యాష్‌బోర్డులో ఎన్ని ఐడియాలు వచ్చాయన్నది పెద్దగా చూపించను. ఏ ఐడియా ఎవరి దగ్గర ఎంతకాలంగా ఆగి ఉంది అన్నదే పైన పెడతాను.

ఇక మీ డెమో. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది తర్వాత చూద్దురుగాని. రేపే ఆ స్లైడ్లు ముందు పెట్టుకుని ఫర్మ్‌వేర్ వాళ్లతో, సర్క్యూట్ వాళ్లతో కూర్చోండి. ఒక్కో స్లైడ్ దగ్గర పై ప్రశ్నలే అడగండి. కస్టమర్‌కు 'ఏం చేస్తుంది' అన్నది చూపిస్తే సరిపోయే చోట 'ఎలా చేస్తుంది' అన్నది తీసేయండి. తీయడానికి కుదరని స్లైడ్లు ఏవో అటార్నీ గారికి పంపి, డెమోకు ముందే దరఖాస్తు వేయగలరేమో అడగండి.