చర్చ: కూపర్స్‌టౌన్‌లో క్యాప్ ఆన్సన్ ఫలకం ఉండదగినదేనా?

షికాగో వాసి:
ఈమధ్య న్యూయార్క్ రాష్ట్రం కూపర్స్‌టౌన్‌లో, గొప్ప ఆటగాళ్ళ పేరిట ఫలకాలు పెట్టే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చూసి వచ్చాను. 1939లో అక్కడికి చేరిన, పందొమ్మిదో శతాబ్దపు ఆటగాడు ఆన్సన్ కంచు ఫలకం మీద, 1879 నుంచి 1897 దాకా షికాగో జట్టుకు మేనేజరుగా ఉండి 5 సార్లు లీగ్ గెలిపించాడని ఉంది. 1883 ఆగస్టులో టొలీడో జట్టు క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ నల్లజాతివాడు కనుక, అతడు మైదానంలో ఉంటే తన జట్టు ఆడదని ఆయన పేచీ పెట్టిన సంగతి మాత్రం లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
ఫలకం ఉండి తీరాలి. 1871లో రాక్‌ఫర్డ్‌లో మొదలుపెట్టి 27 సీజన్లు ఆడినవాడు, 3,000 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే ఒక హిట్) దాటిన తొలి ఆటగాడు ఆయనే.

నీలవేణి:
1887లో వాక్‌లను, అంటే కొట్టకుండానే చెడ్డ బంతుల వల్ల బేస్ చేరడాన్ని కూడా హిట్లుగా లెక్కించారు కదండీ, మీ 3,000లో అవి ఉన్నాయా?

లెక్కల మాస్టారు:
తీసేసినా దాటుతుందమ్మా. 1876కు ముందు ఐదేళ్ళు ఆడిన పాత లీగును కలుపుకుంటే 3,435, కలపకపోతే 3,000 మీద ఓ పదకొండో పన్నెండో.

గోదారి గట్టు:
హిట్లు లెక్కపెడుతూ కూర్చుంటే అసలు ప్రశ్న పక్కకు పోతుంది. 1887 జులై 14న నెవార్క్‌లో జార్జ్ స్టోవీ అనే నల్లజాతి పిచర్‌ను (బంతి విసిరేవాణ్ణి) ఆడించకుండా చేసిందీ ఈయన పట్టుదలే. ఆనాడు మూసుకున్న తలుపు 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగుల్లోకి వచ్చేదాకా తెరుచుకోలేదు.

లెక్కల మాస్టారు:
అదే రోజు బఫెలోలో నల్లజాతి ఆటగాళ్ళను ఇకపై చేర్చుకోరాదని 6–4 ఓట్లతో తీర్మానించింది ఇంటర్నేషనల్ లీగ్ క్లబ్బులు. ఆన్సన్ ఆ లీగువాడే కాడు, ఆయనకు అక్కడ ఓటే లేదు. 1884లో వాకర్‌ను ఆడించబోమని రాసి ఇమ్మంటూ టొలీడోకు ఉత్తరం పంపింది కూడా షికాగో క్లబ్బు కార్యాలయమే. అందరూ కలిసి చేసిన పాపాన్ని ఒక్కడి నెత్తిన రుద్దడం న్యాయమా?

గోదారి గట్టు:
ఆ ఉత్తరంలో ఏముందో కూడా చెప్పండి మాస్టారూ. యాజమాన్యానికి వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదట, ఆటగాళ్ళే ఒప్పుకోవడం లేదట, జట్టులో సామరస్యం కోసం అడుగుతున్నారట. ఇక్కడి మన తెలుగువాళ్ళ క్రికెట్ జట్టులోంచి నన్ను తప్పించినప్పుడు కెప్టెన్ నాతో అన్నవి అచ్చంగా ఆ మాటలే: "నాకేం లేదన్నా, మనవాళ్ళే కొంచెం ఇబ్బంది పడుతున్నారు." నా ఇంటిపేరు, ఊరిపేరు అడిగిన మరుసటి వారమే ఆ ఇబ్బంది మొదలైంది.

లెక్కల మాస్టారు:
మీ శనివారం ఆటకూ, దీనికీ ముడిపెట్టకండి. మీ కోపం ఆన్సన్ మీద కాదు.

గోదారి గట్టు:
ఇద్దరి మీదా ఉంది. 1883లో ఆ రోజు టొలీడో మేనేజర్ పట్టుబట్టి వాకర్‌ను మైదానంలోకి దింపి, ఆడకపోతే టికెట్ల డబ్బులో వాటా రాదన్నప్పుడు ఆన్సన్ నోరు మూసుకుని ఆడాడు. అంటే అది ఆయనకు ప్రాణం పోయే నియమమేమీ కాదు, ఎదుటివాడు గట్టిగా నిలబడితే దిగివచ్చేదే. అందరూ అలాగే ఉండేవారని మీరన్నప్పుడల్లా, ఆ రోజు నిలబడినవాడు ఒకడున్నాడన్న సంగతే కొట్టుకుపోతోంది.

షికాగో వాసి:
దయచేసి ఇద్దరూ కాస్త శాంతించండి.

లెక్కల మాస్టారు:
శాంతంగానే చెబుతున్నాను. 1900లో వచ్చిన తన ఆత్మకథలో, ప్రపంచ యాత్రలో వెంట తిప్పుకున్న క్లారెన్స్ డువాల్ అనే నల్లజాతి యువకుడి గురించి ఆయన రాసిన మాటలు చదివి నేనూ సిగ్గుపడ్డాను. నా దృష్టిలో ఆ ఫలకం చేసిన పనికి రసీదు మాత్రమే. వాకర్ సంగతి కూడా దాని మీద చెక్కించండి, మొదటి సంతకం నాది.

గోదారి గట్టు:
మన తగాదా ఇప్పటికి తేలింది. మీకది రసీదు, అక్కడికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారికి అది నమస్కారం. కింద ఇంకో వాక్యం చెక్కినంత మాత్రాన ఆ నమస్కారం ఆగదు.

నీలవేణి:
మాస్టారూ, పదకొండా, పన్నెండా?