‘క్షయకరణం’ అంటే యురేనియం క్షయించిపోవడమా?

— ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ, “బ్యాక్టీరియా భూగర్భజలంలోని యురేనియాన్ని క్షయకరణం చేస్తుంది” అని రాశాను. మా తమ్ముడు చదివి, “అయితే రేడియేషన్ పోయినట్టేగా?” అన్నాడు. తప్పు నాదా, మాటదా?

— మాటదేనండి. ఆక్సీకరణానికి ఎదురుమాట క్షయకరణం. రేడియోధార్మిక పదార్థం తనంతట తాను విఘటనం చెందడాన్నీ క్షయమనే అంటాం. రెండూ ఒకే వ్యాసంలో పడితే తికమక రాదూ! ఇక్కడ జరిగేది ఎలక్ట్రాన్ల బదిలీ, అంతే. నీళ్లలో కరిగి ఎంత దూరమైనా పోయే యురేనియం +6 స్థితిలో, అంటే ఆరు ఎలక్ట్రాన్లు తక్కువైన స్థితిలో, ఉంటుంది. జియోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే +4 అవుతుంది. అది దాదాపుగా కరగదు, మట్టిరేణువుల మధ్యే ఉండిపోతుంది. కేంద్రకం జోలికి ఏ సూక్ష్మజీవీ పోలేదు. యురేనియం-238 అర్ధజీవితకాలం సుమారు 447 కోట్ల ఏళ్లు, ఎవరు ఏం చేసినా.

— “యురేనియం తినే బ్యాక్టీరియా” అనే హెడ్డింగులు ఇంకా ఘోరం. అది తినేది ఎసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే లవణం) లాంటివి. యురేనియంతో చేసేది శ్వాసక్రియ: మనం ఆక్సిజన్‌కు అప్పగించే ఎలక్ట్రాన్లను అది లోహానికి అప్పగిస్తుంది. అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం 1991లోనే ఈ సంగతి ప్రకటించింది.

— పోనీ, ‘శుద్ధి’ అనొచ్చా?

— నీటికి అనొచ్చు, నేలకు కాదు. అమెరికాలో కొలరాడోలోని రైఫిల్ దగ్గర పాత యురేనియం మిల్లు స్థలంలో 2002లో భూమిలోకి ఎసిటేట్ ఎక్కించారు. జియోబ్యాక్టర్ పెరిగింది, నీళ్లలో యురేనియం తగ్గింది. తర్వాత సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా పైచేయి అయ్యేసరికి నీళ్లలో యురేనియం మళ్లీ పెరిగింది. అసలు ఆక్సిజనో నైట్రేటో లోపలికి చేరినా, అడుగున ఉన్నది తిరిగి కరుగుతుంది. అందుకే నాకు ‘తేర్చడం’ నచ్చుతుంది. నీళ్లు తేరాయంటే మడ్డి అడుగునే ఉందని, కదిపితే లేస్తుందని తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు.

— మాట బాగుంది గానీ ఒప్పుకోను. తేరేది నీళ్లలో తేలాడే మట్టి. కరిగిన ఉప్పు ఎంతసేపు ఉంచినా తేరదు కదా! కరిగినది ఘనమై దిగడం ‘అవక్షేపం’. పలకడానికి కష్టమే, అర్థం మాత్రం సరిగ్గా అదే.

— ఇంకోటి, ‘రేడియోధార్మిక లోహాలన్నిటినీ’ అని రాసెయ్యకండి. టెక్నీషియం +7 నుంచి +4కి దిగి ఇలాగే కరగకుండా పోతుంది. సీజియంకి ఉన్నది +1 ఒక్కటే, అక్కడ ఈ ఎత్తు పారదు.

— అందరికీ థాంక్స్ అండీ. వాక్యం ఇలా మార్చాను: “ఈ బ్యాక్టీరియా నీళ్లలో కరిగిన యురేనియాన్ని కరగని రూపంలోకి మార్చి, ఉన్నచోటే ఆపుతుంది.” తమ్ముడికి మళ్లీ చూపించాను. “అంటే కిందే ఉంటుందన్నమాట” అన్నాడు.