సొంత నోడ్ లేకుండా ట్రాన్సాక్షన్ పంపితే అంత ప్రమాదమా?

గోదారిగట్టు: రాత్రి మా తమ్ముడితో పెద్ద వాదన. సొంత నోడ్ (లావాదేవీల చరిత్ర మొత్తం దించుకుని, నెట్‌వర్క్‌తో నేరుగా మాట్లాడే మన కంప్యూటర్) లేకుండా బిట్‌కాయిన్ పంపకూడదట. ట్రాన్సాక్షన్ మీద డిజిటల్ సంతకం నా ఫోన్లోనే అయిపోయాక ఎవరి సర్వర్ మోసుకెళ్తే నాకేంటి? అంకె మార్చినా, అడ్రస్ మార్చినా ఆ సంతకం చెల్లదు. దీనికోసం 600 జీబీ పైన డిస్క్ కేటాయించాలా?

రాత్రిబండి: మార్చలేరు సరే, మోసుకెళ్లకపోతే? పోయినేడాది నాకదే జరిగింది. వాలెట్‌లో ‘సెంట్’ అని పడింది. ఆరు గంటలైనా అవతలాయనకి రాలేదు. ట్రాన్సాక్షన్ ఐడీ పెట్టి వేరే రెండు ఎక్స్‌ప్లోరర్లలో (ట్రాన్సాక్షన్లు వెతికి చూపే సైట్లు) వెతికితే అలాంటిదే లేదు. టెన్షన్‌లో మళ్లీ పంపబోయి ఆగాను. చివరికి సంతకం అయిన ట్రాన్సాక్షన్ తాలూకు, 02000000తో మొదలయ్యే పొడుగాటి హెక్స్ కోడ్‌ని వాలెట్ నుంచి కాపీ చేసి, నెట్‌వర్క్‌కి పంపిపెట్టే ఇంకో సైట్లో పేస్ట్ చేస్తే, తర్వాతి బ్లాక్‌లోనే (ట్రాన్సాక్షన్లు నమోదయ్యే కట్ట) ఎక్కింది.

గోదారిగట్టు: అంటే మిమ్మల్ని గట్టెక్కించింది కూడా పరాయి సర్వరేగా! నా మాటే నెగ్గింది :)

లెక్కలమాస్టారు: సగమే నెగ్గింది. ఆయనకి రెండో దారి తెలుసు, చాలామందికి ఉన్నదొకటే. 2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా (ఇథీరియం నోడ్లని అందరి తరఫున నడిపే కంపెనీ) పాత గెత్ (నోడ్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ వల్ల చిక్కుల్లో పడింది. ఇథీరియం నడుస్తూనే ఉంది, ఇన్‌ఫ్యూరా మీదుగా వెళ్లే మెటామాస్క్ వాలెట్ వాడేవాళ్లలో చాలామందికి మాత్రం ఆగిపోయినట్టే కనిపించింది. బైనాన్స్ ఎక్స్ఛేంజ్ ఈథర్ (ఇథీరియం నాణెం) విత్‌డ్రాయల్స్ ఆపేసింది. 2022 మార్చిలో అదే ఇన్‌ఫ్యూరాలో ఆంక్షల సెట్టింగులు పొరపాటున అతిగా బిగించడంతో వెనిజులా వాళ్లకీ దారి మూసుకుపోయింది. తర్వాత సరిచేశారనుకోండి.

చింతచెట్టు: అందరూ వెళ్లే దారి గురించే మాట్లాడుతున్నారు. తిరిగొచ్చే జవాబు సంగతో? 2018 డిసెంబరులో ఎలక్ట్రమ్ అనే బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్లని దొంగ సర్వర్లు అలాగే ముంచాయి. సెండ్ నొక్కగానే ట్రాన్సాక్షన్ పంపకుండా, ‘కొత్త వెర్షన్ దించుకోండి’ అని లింకుతో ఎర్రర్ మెసేజ్ పంపాయి. అది వాలెట్ విండోలోనే వచ్చేసరికి జనం నమ్మేశారు. దించుకున్నది నకిలీ వాలెట్. 200కు పైగా బిట్‌కాయిన్లు పోయాయి. సంతకాన్ని ఎవడూ ముట్టుకోలేదు, చూడండి.

గోదారిగట్టు: ఇది నాకు తెలియదు. అయినా నోడ్ ఇప్పుడే పెట్టను. వాలెట్‌లో ఇంకో సర్వర్ పెట్టుకుంటా, ఎర్రర్‌లో వచ్చిన లింకు ఛస్తే నొక్కను.

రాత్రిబండి: ఆ రెండో సర్వర్ కూడా మీ ఐపీని, అడ్రసులని పక్కపక్కన పెట్టి చూసుకోగలదు, కనీసం టార్ (ఐపీని దాచే నెట్‌వర్క్) మీదుగా వెళ్లండి. మనసు మారి నోడ్ పెట్టాలనుకుంటే అందులో ప్రూన్ మోడ్ ఉంది. డౌన్‌లోడ్ మొత్తం అవ్వాల్సిందే గానీ, పాత బ్లాకులు తీసేస్తుంది కాబట్టి 600 జీబీ అక్కర్లేదు. తమ్ముడికి ఈ మాట చెప్పకండి, ఎగిరి గంతేస్తాడు.