డాబా మీద టమాటా: కాయ అడుగు నల్లబడుతోంది, ఆకు అంచులు మాడుతున్నాయి

పెరటిగట్టు (భీమవరం)

20 లీటర్ల గ్రో బ్యాగుల్లో ఎనిమిది టమాటా మొక్కలు, అక్టోబరులో నాటినవి. మిశ్రమంలో సగం కొబ్బరి పొట్టు (5 కిలోల దిమ్మ నానబెట్టి నేరుగా కలిపేశాను), పావు వంతు పొలం నల్లమట్టి, పావు వంతు వర్మీకంపోస్టు. బోరు నీళ్లు, రోజూ సాయంత్రం బ్యాగుకి ఒక చెంబుడు. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నీరుపట్టినట్టు మచ్చ వస్తోంది. నాలుగైదు రోజుల్లో అది నల్లగా, తోలులా అయిపోయి లోపలికి అణిగిపోతోంది. కింది ఆకుల అంచులు కాలినట్టున్నాయి. బ్యాగు అంచున తెల్లటి పొడి పేరుకుంది. గుడ్డు పెంకుల పొడి రెండుసార్లు, ఎప్సం సాల్ట్ ఒకసారి వేశాను. తగ్గలేదు. ఏ మందు కొట్టాలండీ?

ఊకబుట్ట (తణుకు)

మందు అక్కర్లేదండీ, ఇది తెగులు కాదు. కాయ చివరకి కాల్షియం అందకపోతే వచ్చే కుళ్లు. అలాగని మట్టిలో కాల్షియం లేదని కాదు. కాల్షియం వేరు నుంచి నీటితో పాటే పైకి పోతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి ఎక్కువ భాగం అటే పోతుంది, కాయకి మిగిలేది తక్కువ. వేరు నీరు తాగడం కాస్త తగ్గినా ముందు దెబ్బతినేది కాయ అడుగే. ఆకుల మీద కాల్షియం కొట్టినా అది కాయలోకి దిగదు.

మరి వేరు నీరు ఎందుకు తాగలేకపోతోంది? ఆ తెల్ల పొడే జవాబు. అది ఉప్పు. బోరు నీటితో కొంత, కడగని కొబ్బరి పొట్టుతో కొంత వచ్చింది. పొట్టులో సోడియం, పొటాషియం సహజంగానే ఉంటాయి. పీచు ఉప్పునీటిలో నానిందైతే ఇంకా ఎక్కువ. పైగా రోజుకి ఒక చెంబుడే పోస్తే పైమట్టి తడుస్తుంది గానీ అడుగు నుంచి చుక్క కారదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

ఎప్సం సాల్ట్ ఆపేయండి. అందులోని మెగ్నీషియం కాల్షియానికి పోటీ. అరటితొక్క నీళ్లు, కట్టెల బూడిద, యూరియా కూడా ఇప్పుడు వద్దు. గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి అందవు.

నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో లీటరుకి మిల్లీగ్రాముల్లో (పీపీఎం) చూపే టీడీఎస్ మీటరు, పెన్నులా ఉండేది, ఒకటి తీసుకుని బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, బ్యాగు నిండా నీళ్లు పోస్తే అడుగున కారినవి విడివిడిగా చూసి ఇక్కడ రాయండి.

కుండీలచావడి (అమలాపురం)

పై జవాబు సరైనదే. నల్లమట్టి గురించి ఒక మాట. డెల్టా బంకమట్టి పొలంలో బంగారం, కుండీలో మాత్రం తడిస్తే జిగురు, ఎండితే బీట. బీట పడ్డాక పోసిన నీళ్లు బ్యాగు గోడ వెంట జారిపోతాయి, మధ్యలో వేరుముద్ద పొడిగానే ఉంటుంది. వేలు నాలుగు అంగుళాలు దించి చూస్తే తెలుస్తుంది. వచ్చేసారి మట్టి ఐదో వంతుకి తగ్గించి, నల్లగా కాల్చిన వరి ఊక ఐదో వంతు కలపండి. తెల్లగా బూడిదైన ఊక వద్దు, క్షారం ఎక్కువ. నీరు దిగాలని అడుగున కంకర పొర వేయకండి. దానివల్ల నీరు దిగదు సరికదా, కంకర పైన మట్టిలోనే నిలబడుతుంది.

పెరటిగట్టు (భీమవరం)

చూశానండీ. బోరు 1,450 పీపీఎం. మున్సిపల్ కుళాయి 180. బ్యాగు అడుగున కారినవి 2,600.

ఊకబుట్ట (తణుకు)

అయితే సందేహం లేదు. టమాటాకి పోసే నీళ్లు 1,100 దాటితే కాపు తగ్గడం మొదలవుతుంది. మీ వేళ్లు 2,600లో ఉన్నాయి.

ముందు మచ్చ పడ్డ కాయలన్నీ కోసేయండి, అవి బాగుపడవు. బ్యాగుల్ని ఇటుకల మీదకి ఎత్తి, అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని చూడండి. తర్వాత ఉదయం పూట కుళాయి నీళ్లు బ్యాగుకి 20 లీటర్లు, ఐదేసి లీటర్లుగా, అరగంట ఆగి ఆగి పోయండి. ఒక్కసారే కుమ్మరిస్తే గోడ వెంట జారిపోయి ఉప్పు కడగదు. చివర్లో కారే నీళ్లు 1,000 లోపుకి రావాలి, రాకపోతే మూడు రోజుల తర్వాత మళ్లీ. ఉప్పుతో పాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది. అందుకని రెండు రోజులాగి లీటరు నీటికి 1 గ్రాము కాల్షియం నైట్రేట్ కలిపి మొక్కకి లీటరు చొప్పున, వారానికోసారి, మూడు వారాలు. దాన్ని సూపర్ ఫాస్ఫేటుతో గానీ ఎప్సం సాల్ట్‌తో గానీ కలపకూడదు, అడుగున సున్నంలా పేరుకుంటుంది.

రోజూ కుళాయి నీళ్లు చాలకపోతే బోరు, కుళాయి సగం సగం కలిపితే 815 వస్తుంది, సరిపోతుంది. కొలత చెంబు లెక్కన వద్దు. పోసినదాంట్లో ఐదో వంతు అడుగున కారేదాకా పోయాలి. పైన రెండు అంగుళాల మందాన ఎండుగడ్డి పరవండి. కొత్త పిందెల్లో తేడా రెండు మూడు వారాల్లో కనిపిస్తుంది.

పొట్టు దిమ్మ మళ్లీ కొంటే నానబెట్టి, పిండి, మంచి నీళ్లతో మూడుసార్లు కడగండి. తర్వాత లీటరుకి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి ఉంచి, వంపేసి, ఇంకోసారి కడిగి వాడండి. కాల్షియం వచ్చి సోడియాన్ని బయటికి తోస్తుంది. ఉత్త నీళ్లతో కడిగితే అది పూర్తిగా వదలదు.

కుండీలచావడి (అమలాపురం)

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక కుళాయి నీళ్లు తగ్గుతాయి, అప్పటికి టమాటా ఎలాగూ ముగించేయండి. రాత్రి వేడి పెరిగితే పూత నిలవదు. ఆ బ్యాగుల్లో గోరుచిక్కుడు, అలసంద, తోటకూర వేయండి, ఉప్పుకి కాస్త ఓర్చుకుంటాయి. బీన్స్, ఉల్లి, గులాబీ ఓర్చుకోవు. కడియం నర్సరీల నుంచి గులాబీలు తెచ్చే ఆలోచన ఉంటే వాటికి కుళాయి నీళ్లు విడిగా అట్టేపెట్టాలి. నాచుపూలు, కాగితంపూలకి ఆ బెంగ లేదు.