తెరిచిన పైపు పొగాకు బ్లెండ్స్ 35 అయ్యాయి, ఎలా దాచాలి, ఏది ఎప్పుడు తీయాలి?

చెక్కపైపు_34:

అందరికీ నమస్తే. పైపు మొదలుపెట్టి మూడేళ్ళు దాటింది. మొదట్లో రెండే డబ్బాలు ఉండేవి, ఒకటి అయిపోయాకే ఇంకోటి తెరిచేవాణ్ణి. తర్వాత ఒక్కో బ్లెండ్ (రకరకాల పొగాకు ఆకులు కలిపిన మిశ్రమం) గురించి చదవడం, రుచి చూడాలనిపించడం, తెప్పించుకోవడం, అలా అలా ఇప్పుడు లెక్కపెడితే తెరిచినవే 35 ఉన్నాయి, సీలు తీయనివి ఇంకో 20 దాకా ఉంటాయి. వర్జీనియా ఫ్లేక్స్ (నొక్కి పలచటి పలకలుగా కోసినవి), వర్జీనియా పెరీక్, లటాకియా అనే పొగబెట్టిన ఆకు ఉన్న ఇంగ్లీష్ బ్లెండ్స్, కాస్త బర్లీ ఆకు, నాలుగైదు ఆరోమాటిక్స్ (పైన సువాసన కలిపినవి), అన్నీ ఒకే అల్మారాలో ఒకదాని మీద ఒకటి.

మొన్న ఎస్కూడో అనే బ్లెండ్ డబ్బా తీశాను. అది నాణేల్లాగా గుండ్రంగా కోసి ఉంటుంది కదా, ఒక బిళ్ళ వేళ్ళతో పట్టుకుని పైకి తీస్తుంటేనే అంచులు పొడిపొడిగా రాలిపోయాయి, అడుగున కాగితంలో అంతా నుసి. కిందటేడు తెరిచినప్పుడు అదే బిళ్ళ మెత్తగా, కొంచెం జిగటగా, ఎండు ద్రాక్ష వాసనతో ఉండేది. చాలా బాధేసింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెరిచినవన్నీ సీసాల్లోకి మార్చేయాలా? ఒకేసారి ఎన్ని తెరిచి ఉంచుకుంటే మంచిది? సీసాలో హ్యుమిడిటీ ప్యాకెట్ (చెమ్మని ఒకేలా ఉంచేది) వెయ్యాలా? సిగార్లు దాచే చెక్కపెట్టె, అదే హ్యుమిడార్, ఒకటి ఖాళీగా ఉంది, అందులో పెట్టొచ్చా? ఇంకోటి, ఒక వర్జీనియా ఫ్లేక్ మీద తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి, అది బూజేనా? నేను వారానికి నాలుగైదు బౌల్స్ (పైపు ఒకసారి నింపితే ఒక బౌల్) కన్నా ఎక్కువ తాగను.

నెమ్మది_పొగ:

బ్రో, ముందు ఒక లెక్క చూడు. 50 గ్రాముల డబ్బాకి దాదాపు 20 బౌల్స్ వస్తాయి, బౌల్ సైజుని బట్టి అటూ ఇటూ. 35 డబ్బాలంటే 700 బౌల్స్. నువ్వు వారానికి నాలుగైదు అంటున్నావు, అంటే ఇవాళ్టి నుంచి కొత్తది ఒక్కటి కూడా తెరవకపోయినా ఇవి అయిపోవడానికి మూడేళ్ళు పడుతుంది. డబ్బా మూత ఒకసారి తీశాక వాక్యూమ్ పోయినట్టే, మళ్ళీ ఎంత నొక్కి పెట్టినా అది ఊరికే కప్పి ఉంటుంది తప్ప గాలి ఆపదు, కొన్ని వారాల్లోనే చెమ్మ తగ్గడం మొదలవుతుంది. నీ ఎస్కూడోకి జరిగింది అదే, పొగాకు తప్పేం లేదు.

కాబట్టి ఈ వారమే అన్నీ గాజు సీసాల్లోకి మార్చెయ్. రబ్బరు రింగు ఉండి కమ్మీతో బిగించేవైనా సరే, మరమూత ఉన్న మేసన్ జార్లైనా సరే. 240 మిల్లీలీటర్ల సీసాలో 50 గ్రాముల డబ్బా సరిగ్గా పడుతుంది, సగం తాగేసినవాటికి 120 మిల్లీలీటర్లది చాలు. పెద్ద సీసాలో అడుగున కాస్త పొగాకు పెట్టి మిగతా అంతా ఖాళీ వదిలితే ఆ ఖాళీలోకే చెమ్మ పోతుంది. సీసా, మూత వేడినీళ్ళతో కడిగి పూర్తిగా, నిజంగా పూర్తిగా ఆరబెట్టు, మూత గాడిలో ఒక్క నీటిచుక్క మిగిలినా బూజుకి అదే పుట్టిల్లు. జిప్ కవర్లు అసలొద్దు, నెలల్లో ఎండిపోతాయి, పైగా పక్కదాని వాసన పట్టేస్తుంది.

హ్యుమిడార్‌లో పైపు పొగాకు పెట్టకు. లోపల స్పానిష్ సిడార్ అనే వాసన చెక్క ఉంటుంది, అది పొగాకు చెమ్మ లాగేసుకుని తన వాసన దానికి ఇస్తుంది. సిగార్లకి కావాల్సిన చెమ్మ కూడా వేరే. ప్యాకెట్ సంగతంటావా, బిగుతుగా మూసి పక్కన పెట్టే సీసాకి అక్కర్లేదు. రోజూ మూత తీసే సీసాలో 62 శాతం బోవెడా ప్యాకెట్ ఒకటి వేస్తే పనికొస్తుంది, అంతే.

ఎండిపోయిన ఎస్కూడో పారెయ్యకు! వెడల్పాటి గిన్నెలో పరిచి, పైన తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పు, గుడ్డ పొగాకుకి తగలకూడదు, గంటకోసారి చేత్తో కలుపుతూ చూడు. చిటికెడు తీసి నొక్కితే ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైనట్టు, మెల్లగా విచ్చుకుంటే సరిపోయినట్టు, కరకరలాడితే ఇంకా కావాలన్నట్టు. పోయిన సువాసనలో కొంత తిరిగి రాదు, అది నిజం, కానీ తాగడానికి బాగానే ఉంటుంది. సీసాలో ఆపిల్ ముక్క వెయ్యమని ఎవరైనా చెప్తే మాత్రం వినకు, బూజు పట్టడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

తుప్పుడబ్బా:

పైన అన్న చెప్పినదంతా కరెక్ట్, నేను రెండు విషయాలు కలుపుతా, రెండూ నేను నష్టపోయి తెలుసుకున్నవి.

ఒకటి, సీలు తీయలేదు కదా అని డబ్బాల్ని గాలికొదిలెయ్యొద్దు. నా దగ్గర ఆరేళ్ళు దాచిన నలుపలకల డబ్బా ఒకటి ఉండేది, పైకి కొత్తదానిలా మెరుస్తూ ఉంది, తిరగేసి చూస్తే అడుగు అంచు మడతలో గుండుసూది మొన అంత తుప్పు. తెరిస్తే పైన ఫ్లేక్ అట్టలా విరిగింది, తుప్పు దగ్గర కాగితం గోధుమరంగుకి తిరిగి పొగాకుకి అంటుకుపోయింది. గుండ్రటి వాక్యూమ్ డబ్బాలైతే మూత మధ్యలో వేలితో నొక్కి చూడండి, గట్టిగా లోపలికి లాగినట్టు ఉంటే సీలు బాగున్నట్టు, టక్కుమని కిందికీ పైకీ ఆడితే గాలి పోయినట్టు, వెంటనే సీసాలోకి మార్చెయ్యాలి. నేనిప్పుడు మూడు నెలలకోసారి అన్నీ తిరగేసి చూస్తా, అరగంట పని.

రెండోది లేబుల్. మూత మీద మాత్రమే రాస్తే ఏమవుతుందో చెప్తా. ఒకరోజు ఆరేడు సీసాలు ఒకేసారి తెరిచి వాసన చూస్తూ కూర్చున్నా, మళ్ళీ మూతలు పెట్టేటప్పుడు రెండు మారిపోయాయి. నైట్‌క్యాప్ మూత వెళ్ళి వర్జీనియా సీసా మీద కూర్చుంది. నైట్‌క్యాప్‌లో లటాకియా బాగా ఉంటుంది, ఆ పొగ వాసన రబ్బరు రింగులోకి ఇంకిపోయి ఉంటుంది కదా, నాలుగు నెలల తర్వాత తీస్తే నా మంచి వర్జీనియా అంతా క్యాంప్‌ఫైర్ వాసన. అప్పటి నుంచి సీసా గాజు మీదే రాస్తున్నా: పేరు, డబ్బా మీద ఉన్న తేదీ, సీసాలో పెట్టిన తేదీ, గ్రాములు. లటాకియా మూతలకి ఎర్ర చుక్క, అవి వేరేవాటికి ఎప్పుడూ వాడను.

డబ్బా తేదీ ఎందుకంటే ఒకే పేరున్నా అన్నీ ఒకటి కావు. డన్‌హిల్ పేరుతో వచ్చిన ఎర్లీ మార్నింగ్ పైప్, నైట్‌క్యాప్ తర్వాత పీటర్సన్ పేరుతో వస్తున్నాయి. మెక్‌లెలండ్ అనే పైపు పొగాకు కంపెనీ అయితే 2018లో మూతపడింది, ఆ డబ్బాలు ఉన్నవాళ్ళు ఇప్పటికీ జాగ్రత్తగా లెక్కపెట్టుకుని తెరుస్తారు. పాతది, కొత్తది ఒకే సీసాలో కలిపేశారో, ఇక ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట, ఇంట్లో పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే తాళం ఉన్న అల్మారానే వాడండి. నికోటిన్ వాళ్ళకి విషం, ఆరోమాటిక్ వాసనేమో మిఠాయిలా ఉంటుంది.

వర్జీనియా_ప్రేమ:

ఆ తెల్ల చుక్కల గురించి నేను చెప్తాను, దయచేసి తొందరపడి పారెయ్యకండి. చీకట్లో టార్చి పక్క నుంచి వేసి ఫ్లేక్‌ని అటూ ఇటూ వంచి చూడండి. సన్నటి గాజుపొడిలా తళుక్కుమంటే అవి స్ఫటికాలు, బాగా మాగిన వర్జీనియాలో వస్తాయి, చక్కగా తాగొచ్చు. దూదిలా, నూగులా, ఒక ఫ్లేక్ నుంచి పక్క ఫ్లేక్‌కి పోగులు సాగినట్టు ఉంటే బూజు. ముక్కు కూడా చెప్పేస్తుంది, తడి గోడలాగా ముక్కిపోయిన వాసన వస్తే అనుమానం అక్కర్లేదు. బూజైతే పైపైన తీసేసి మిగతాది దాచుకోవద్దు, మొత్తం పారేసి సీసా మరిగే నీళ్ళలో వేసి, రబ్బరు రింగు కొత్తది వాడండి.

రొటేషన్, అంటే ఏది ఎప్పుడు తీయాలన్న విషయానికొస్తే నా అభిప్రాయంలో అన్నిటినీ ఒకే కంటితో చూడకూడదు. వర్జీనియా ఆకులో సహజంగానే చక్కెర ఎక్కువ, అందుకే ఏళ్ళు గడిచేకొద్దీ మాగి, పచ్చి ఘాటు తగ్గి లోతు వస్తుంది, ఏడాదిలోనే కొంత తేడా తెలుస్తుంది, ఐదేళ్ళకైతే వేరే పొగాకు అనిపిస్తుంది. పెరీక్ కలిసినవి ఇంకా బాగుంటాయి, అసలు పెరీక్ అంటేనే లూసియానాలో పీపాల్లో దాని రసంలోనే దాన్ని నొక్కిపెట్టి మాగబెట్టే ఆకు. లటాకియా దీనికి పూర్తిగా ఎదురు, పొగబెట్టి ఆరబెట్టిన ఆకు కాబట్టి కాలం గడిస్తే ఆ పొగ పదును మెత్తబడుతుంది, కొంతమందికి అదే ఇష్టం, నాకైతే పదునుగా ఉన్నప్పుడే ఇష్టం. బర్లీలో చక్కెర చాలా తక్కువ, అంతగా మారదు. ఆరోమాటిక్స్ దాచినా పెద్దగా ఒరిగేదేం లేదు, పైన వేసిన సువాసనే దాని ప్రాణం, తాజాగా తాగెయ్యండి.

అందుకని ముందు ఆరోమాటిక్స్, తర్వాత ఇంగ్లీష్ బ్లెండ్స్ అవగొట్టండి, వర్జీనియాలు సీసాలో బిగించి చీకట్లో, వేడి తగలని చోట పెట్టి మర్చిపోండి. 20 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటే చాలు. ఎలా ఉందో చూద్దామని నెలనెలా మూత తీయొద్దు, తీసిన ప్రతిసారీ లోపల మెల్లగా జరుగుతున్న పని చెడిపోతుంది. ఫ్రిజ్, ఫ్రీజర్ రెండూ వద్దు.

బూడిద_రంగు:

పైన ముందు ఒక రకం అవగొట్టి తర్వాత ఇంకోటి అంటున్నారు, నేను కొంచెం వేరుగా చెప్తా. నాకు రోజుకో మూడ్, ఒకే డబ్బా అయిపోయేదాకా అదే తాగడం నా వల్ల కాదు, అలా బలవంతంగా తాగి రెండు మంచి బ్లెండ్స్ మీద విరక్తి తెచ్చుకున్నా. ఇప్పుడు పది చిన్న సీసాలు మాత్రమే చేతికందేలా టేబుల్ పక్కన సొరుగులో ఉంటాయి, మూడు వర్జీనియా, రెండు పెరీక్, మూడు ఇంగ్లీష్, ఒక బర్లీ, ఒక ఆరోమాటిక్. ఒక్కోదానిలో 25 గ్రాములే. ఒకటి ఖాళీ అయితేనే పెద్ద సీసా నుంచి నింపుతా లేదా అదే రకంలో ఇంకో బ్లెండ్ తీస్తా. పెద్ద సీసా అలా ఏడాదికి రెండు మూడుసార్లే తెరుస్తాను. పైపులు కూడా అలాగే పంచుకోండి, లటాకియా తాగిన పైపులో వర్జీనియా వేస్తే ఆ పొగ వాసన దెయ్యంలా పట్టుకుని చాలా రోజులు వదలదు.

చెక్కపైపు_34:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి లైటు ఆపి టార్చి వేసి చూశాను, ఆ తెల్ల చుక్కలు తళతళమంటున్నాయి! వాసన కూడా తియ్యగా ఎండుగడ్డిలా ఉంది. ఆ డబ్బా తెరిచి రెండేళ్ళయింది, కానీ అది ఎలాగో మొదటి నుంచి సీసాలోనే ఉంది. ఎస్కూడో తడిగుడ్డ కింద మూడు గంటలు ఉంచాను, బిళ్ళలు మళ్ళీ వంగుతున్నాయి, ఇవాళ సాయంత్రం ఒక బౌల్ తాగి చూస్తా.

పది సీసాల పద్ధతి నాకు నచ్చింది, మిగతా 25 ఈ ఆదివారం బిగించేస్తున్నా. ఒక్క డౌట్ మిగిలింది, ఫ్లేక్స్ సీసాలో నిలువుగా పేర్చాలా, పడుకోబెట్టాలా, గట్టిగా నొక్కితే మాగడానికి గాలి సరిపోతుందా?

నెమ్మది_పొగ:

నిలువుగా పెట్టు, తీసేటప్పుడు విరగవు. చేత్తో మెల్లగా సర్దితే చాలు, బలంగా కుక్కకు, పైన వేలెడు ఖాళీ ఉంచు. ఆ ఎస్కూడో ఎలా ఉందో తాగాక రాయి.