పాత జీపుకు ఉక్కు బంపరు మనమే చేసుకోవాలంటే ప్లేటు మందం ఎంత ఉండాలి?

పొలంజీపు:
సభ్యులకు నమస్కారం. మార్కాపురం దాటాక నల్లమల అంచున మాకు పొలం ఉంది. అక్కడ తిరగడానికి వాడే మహీంద్రా ఎంఎం 540 జీపు ముందు బంపరు గత వానాకాలంలో పాడైంది. నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడిన బండిని బయటికి తీయడానికి ట్రాక్టరు డ్రైవరు గొలుసును బంపరు నడిమికి చుట్టి లాగగా, బంపరుగా ఉన్న ఉక్కు చానల్ విల్లులా వంగి, ఎడమవైపు బోల్టులు రెండూ తెగిపోయాయి. ఇప్పుడు మా బావమరిది వెల్డింగు షాపులోనే కొత్త బంపరు తయారు చేయించాలనుకుంటున్నాను. 10 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే ఇక జన్మలో వంగదని, దాని మీద జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుతో రేడియేటరుకు అడ్డంగా ఒక గార్డు కూడా కడదామని అతను అంటున్నాడు. అంత మందం అవసరమా, బంపరును నేరుగా చాసీకే వెల్డింగు చేయవచ్చా, లాగడానికి కొక్కేలు ఎక్కడ పెట్టాలి అన్నవి నా సందేహాలు. వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాక్కునే మోటారు చక్రం) పెట్టే ఆలోచన ప్రస్తుతానికి లేదు.

పాత పానా:
మీ బంపరు వంగిన తీరులోనే సగం సమాధానం ఉందండి. బంపరును చాసీ పట్టుకునేది రెండు కొమ్ముల దగ్గర, అంటే ముందుకు పొడుచుకొచ్చిన చాసీ కొసల దగ్గర మాత్రమే. గొలుసు నడిమిన పడితే లాగుడంతా ఆధారం లేని చోట పడుతుంది. అదే గొలుసును రెండు కొమ్ముల ఎదురుగా ఉన్న రెండు కొక్కేలకు కలిపి కట్టి ఉంటే, బహుశా పాత చానలే తట్టుకునేది. కాబట్టి ప్లేటు మందం కంటే ముందు, లాగుడు చాసీకి ఏ దారిన చేరుతుందో చూసుకోవాలి.

ఇక బరువు లెక్క. ఒక చదరపు మీటరు ఉక్కు రేకు ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. మీ బంపరు పొడవు 140 సెంటీమీటర్లు, మడతలు విప్పి పరిస్తే వెడల్పు 36 సెంటీమీటర్లు అనుకుందాం. 10 మిల్లీమీటర్ల ప్లేటుతో అది దాదాపు 40 కిలోలు, 4 మిల్లీమీటర్లతో 16 కిలోలు అవుతుంది. ఆ అదనపు 24 కిలోలూ ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడతాయి కనుక, కమాను పట్టీల మీద పడే భారం తూకంలో కనిపించేదానికంటే ఎక్కువ. పైగా బండి ఏ బండరాయికో గుద్దుకున్నప్పుడు బంపరు నలగకపోతే చాసీ కొమ్ము నలుగుతుంది. బంపరు మళ్లీ చేసుకోవచ్చు, చాసీ సంగతి అలా కాదు.

నేనైతే 4 మిల్లీమీటర్ల ప్లేటును బెండింగ్ మెషిన్ మీద పైనా కిందా మడతపెట్టించి, కొమ్ములకు తగిలే బ్రాకెట్లు మాత్రం 8 మిల్లీమీటర్ల ప్లేటుతో చేయిస్తాను. ఆ మడతలే బిగువునిస్తాయి. చాసీకి వెల్డింగు చేయవద్దు. వేడికి అతుకు పక్కన లోహం గుణం మారి, కుదుపులకు అక్కడే పగులు పుడుతుంది. తల మీద 8.8 అని బలం తరగతి ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టులు ఒక్కో కొమ్ముకు కనీసం నాలుగు వేయించండి. పాత డబ్బాలో దొరికే, ఏ ముద్రా లేని బోల్టులను ఈ పనికి నమ్మకండి.

షాకిల్ (గొలుసును కలిపే యు ఆకారపు ఉక్కు కొండీ) తగిలించే చెవులను బంపరు ముఖం మీద అతికించి వదిలేయకూడదు. 20 మిల్లీమీటర్ల పట్టీని తీసుకుని, బంపరు ప్లేటుకు గాడి కోసి అందులోంచి వెనక్కి దూర్చి, ముందూ వెనకా వెల్డింగు చేసి, తోకను 8 మిల్లీమీటర్ల బ్రాకెట్టుకు కలపాలి. అప్పుడు లాగుడు బంపరు రేకు మీద ఆగకుండా తిన్నగా కొమ్ముకు వెళుతుంది.

కొలిమి:
పై సలహాతో ఏకీభవిస్తూనే, వెల్డింగు గురించి ఒకటి రెండు మాటలు. చాలా షాపుల్లో అన్నింటికీ 6013 రకం వెల్డింగు రాడ్డే వాడతారు. రేకు అతుకులకు అది చాలు. చెవులకూ బ్రాకెట్లకూ మాత్రం 7018 రాడ్డు వాడమని చెప్పండి. దానికి తేమ పనికిరాదు, కాబట్టి ఎప్పుడో తెరిచి పెట్టిన ప్యాకెట్టులోవి వద్దు. బంపరును బండి మీద పెట్టి కొలత కోసం ట్యాకులు (అక్కడక్కడా చిన్న చుక్కల అతుకులు) వేశాక, కిందికి దించి పూర్తి వెల్డింగు చేయాలి. ట్యాకులు వేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పి ఉంచాలి. ఒకే వైపు నుంచి గీత లాగినట్టు వెల్డింగు చేసుకుంటూ పోతే చల్లారేటప్పుడు బంపరు అరటికాయలా వంకర తిరుగుతుంది. ముక్క ఇటు, ముక్క అటు వేయాలి.

జీఐ పైపు మీద వెల్డింగు అసలు వద్దు. దాని పూతలోని జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. ఆ పొగ పీల్చిన వారికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడని మా వాళ్లలో ఒక నమ్మకం ఉంది కానీ, పొగ పీల్చకపోవడమే దానికి మందు.

ఎర్రమట్టి:
ఆ గార్డు సంగతి నేను చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బుల్ బార్లు, క్రాష్ గార్డులు అనే ఇలాంటి అడ్డు కడ్డీలు అనుమతి లేని మార్పులేనని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. 2019 సవరణ తరువాత, చట్టం అనుమతించని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా మాట అటుంచినా, ఆ పైపు తగిలేది పిల్లల తల ఎత్తుకు, పెద్దల నడుము ఎత్తుకు. మీ జీపుకు కంపెనీ ఇచ్చినదే ఉక్కు చానల్ కనుక, అదే ఆకారం, అదే వెడల్పు దాటకుండా, మూలలు గుండ్రంగా చేయించి, గార్డు ఆలోచన మానుకోండి. కొత్తది కూడా ఆర్‌టీఓ కార్యాలయంలో చూపించి అడిగాకే రోడ్డెక్కించడం మేలు.

పొలంజీపు:
అందరికీ ధన్యవాదాలు. గార్డు మాట వదిలేశాను, 4 మిల్లీమీటర్ల ప్లేటుకు బావమరిది కూడా సణుగుతూనే ఒప్పుకున్నాడు. అయితే కొలతల కోసం పాత బంపరు పూర్తిగా విప్పి, గ్రీజూ మట్టీ గీకి చూస్తే, ఎడమ కొమ్ములో తెగిన బోల్టు రంధ్రం నుంచి పై అంచు వైపు వెంట్రుక వాసిలో ఒక పగులు కనిపించింది. దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంది. దీని మీదే బ్రాకెట్టు బిగిస్తే కప్పడిపోతుందా?

పాత పానా:
కంటికి కప్పడిపోతుంది, లోపల సాగుతూనే ఉంటుంది. ముందు పగులు ఎక్కడ ఆగిందో గట్టిగా శుభ్రం చేసి చూసి, ఆ కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి, అప్పుడు అది ముందుకు పాకడం ఆగుతుంది. తరువాత పగులు పొడవునా గ్రైండరుతో గాడి తీసి వెల్డింగుతో నింపి, చదును చేసి, మీద ఒక పలక వేయాలి. ఆ పలక చివరలను కొమ్ముకు అడ్డంగా నిలువు గీతలా కోయకుండా, చేప తోకలా ఏటవాలుగా కోయించండి. లేకపోతే కొత్త పగులు ఆ నిలువు అతుకు పక్కనే మొదలవుతుంది. ఈ ఒక్క పనికి మాత్రం లారీ చాసీలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్లండి. కుడి కొమ్మును కూడా అలాగే గీకి చూశారా?